కార్ల్ హాగెన్‌బెక్ జీవితము

నంద్యాలలో గాని ఆళ్లగడ్డలో గాని యింటిమిద్దెపై నిలిచి తూర్పుదిక్కునకు చూచినచో నల్లమల కొండలు నీలముగా కనబడును. ఆ కొండలలో పెద్దపులులు నేటికిని తిరుగుచున్నవి. 2023వ సంవత్సరము మార్చి నెలలో ఆత్మకూరు ప్రాంతమున అడవియంచున నున్న పెద్దగుమ్మడాపురము గ్రామములో నాలుగు పులికూనలు తల్లిని బాసి దొరికెను. అటవీశాఖవారు వానిని తల్లితో చేర్చుటకు మిక్కిలి ప్రయాసపడిరి గాని ఆ యత్నము ఫలింపలేదు. తుదకు ఆ కూనలను తిరుపతియందలి శ్రీ వేంకటేశ్వర జంతుప్రదర్శనశాలకు పంపిరి.

ఈ సంగతి తరగతిలో ప్రస్తావనకు వచ్చినపుడు ఒక బాలుడు లేచి, ఏ దేశపు జంతుశాల అన్నిటికంటె మేలైనదని అడిగెను. వేరొకడు, మన కొండలలో పుట్టిన పులికి ఏ జంతుశాల యైనను చెఱసాలయే గదా యనెను. ఈ రెండు ప్రశ్నలును మంచివే. వీనికి ఉత్తరము వెదకువారు జర్మనీ దేశస్థుడగు కార్ల్ హాగెన్‌బెక్ జీవితమును తప్పక తెలిసికొనవలెను. జంతుశాలలనుండి ఇనుపకడ్డీలను తొలగించిన కీర్తి ఆయనది. మనుష్యులను కంచెలలో నిలిపి చూపిన అపకీర్తియు ఆయనదే. ఈ రెంటిలో ఏ యొకదానిని దాచినను ఆయన చరిత్రము అసత్యమగును.

ఆయన పుట్టకమునుపు జంతుశాల లెట్లుండెనో మొదట చూతము. పూర్వకాలమున రాజులు తమ వైభవమును చాటుటకై క్రూరమృగములను పెంచుచుండిరి. పవిత్ర రోమను చక్రవర్తి 1752లో వియన్నా నగరమున షోన్‌బ్రున్ తోటలో నెలకొల్పిన జంతుశాల నేటికిని నిలిచియున్నది. ఫ్రాన్సు దేశమున విప్లవము జరిగిన పిమ్మట రాజుల మృగములను పారిసు నగరపు వనములో చేర్చి ప్రజలకు చూపసాగిరి. లండను జంతుశాల 1828లో పండితుల నిమిత్తము తెఱవబడి, 1847లో సామాన్యజనులకును ప్రవేశము నిచ్చెను. మన దేశమున మద్రాసులో ఎడ్వర్డు బాల్ఫరు దొరగారు 1855లో మ్యూజియముచెంత జంతుశాలను స్థాపించిరి. కలకత్తా ఆలీపురపు జంతుశాల 1876లో వెలసెను. దేశములు వేఱైనను పద్ధతి యొక్కటియే. చిన్నగది, ముందు లావుపాటి ఇనుపకడ్డీలు, వానివెనుక అటునిటు తిరుగుచుండు సింహమో పులియో. ఎన్ని జాతుల జంతువులు కలవో లెక్కించి, లెక్క ఎక్కువైనచో ఆ జంతుశాల గొప్పదని యెంచుచుండిరి. లోపలి ప్రాణి సుఖముగా నున్నదా యని విచారించువారు అరుదు.

కార్ల్ హాగెన్‌బెక్ 1844వ సంవత్సరము జూన్ 10వ తేదీన హాంబర్గు నగరమున జన్మించెను. ఆ నగరము ఎల్బు నది యొడ్డున నున్న గొప్ప రేవుపట్టణము. తండ్రి సాంక్ట్ పౌలి యను పేటలో చేపలు అమ్మి జీవించువాడు. 1848లో ఆయన కొఱకు పనిచేయు బెస్తవారి వలలలో చేపలతోబాటు ఆరు సీలులు చిక్కుకొనెను. సీలు అనగా శీతలసముద్రములలో నీటను నేలను మెలగు జంతువు. తండ్రి వానిని చంపక, పెద్ద కొయ్యతొట్లలో నీరు నింపి అందుంచి, చూడవచ్చినవారియొద్ద స్వల్పరుసుము పుచ్చుకొనెను. జనులు తండోపతండములుగా వచ్చిరి. పిమ్మట వానిని బెర్లిను నగరమునకును గొనిపోయెను. కార్లునకు అప్పటికి నాలుగేండ్లు. ఒక చేపలవర్తకుని తొట్టిలో నుండియే లోకప్రసిద్ధమైన జంతువుల వ్యాపారము పుట్టెను.

రేవులో దిగిన ప్రతి ఓడలోను నావికులు దూరదేశములనుండి తెచ్చిన చిలుకలో, కోతులో, మరి యేవైన మృగములో ఉండుచుండెను. తండ్రి చేపల అంగడితోబాటు వీనిని కొని అమ్మసాగెను. కార్ల్ బడిలో చదివినది కొంచెమే. చేపలు కావలెనా, జంతువులు కావలెనా యను మాట వచ్చినపుడు ఆ పిల్లవాడు జంతువులనే కోరుకొనెను. 1866లో, ఇరువదియొక్క యేండ్ల ప్రాయమున, ఆ వ్యాపారభారమంతయు తనపై వేసికొనెను.

అది మొదలు ఆయన వర్తకము వేగముగా పెరిగెను. లోరెంజో కసనోవా యను యాత్రికుడు సూడాను దేశమునుండి ఏనుగులను, జిరాఫీలను, సింహములను, నిప్పుకోళ్లను పట్టి తెచ్చుచుండెను. 1870లో అట్టి గొప్ప మంద యొకటి ఎడారిదాటి సూయజు రేవునకు చేరగా, కసనోవా జబ్బుపడెను. హాగెన్‌బెక్ స్వయముగా ఈజిప్టునకు వెళ్లి ఆ జంతువులను రైలుబండ్లలోను ఓడలోను ఎక్కించి ఐరోపాకు తెచ్చెను. పాలుమానని పిల్లలకు త్రావించుటకై మేకలమంద కూడ వెంటనడచెను. ఐరోపా జంతుశాలలును, అమెరికాలోని బార్నము వంటి ప్రదర్శకులును ఆయనయొద్దనే జంతువులను కొనుచుండిరి.

ఈ వర్తకము చూచుటకు మనోహరముగా నున్నను దాని మూలము క్రూరమైనది. ఎదిగిన ఏనుగును పట్టుట కష్టము. పిల్లను పట్టుట సులభము. అయితే తల్లి పిల్లను విడువదు. కావున వేటగాండ్రు తల్లిని చంపి పిల్లను పట్టెడివారు. పట్టుబడినవానిలో అనేకము ఎండకు, ఆకలికి, ఓడప్రయాణమునకు తాళజాలక చచ్చెను. నగరమున బాలుడొకడు ఆనందముగా చూచిన ఏనుగుగున్న వెనుక కానరాని చావులెన్నియో ఉండెను. తల్లిని బాసిన మన నల్లమల కూనలను తలచుకొన్నవారికి ఈ మాటలోని బాధ తెలియకపోదు. అయితే ఒక భేదము కలదు. మన కూనలను కాపాడుటకే జంతుశాలకు చేర్చిరి. ఆ కాలమున జంతుశాలను నింపుటకే తల్లులను చంపిరి.

1870 తరువాత కొన్నియేండ్లకు జంతువులకు గిరాకి తగ్గెను. అప్పుడు ఉత్తరదేశమునుండి దుప్పులజాతికి చెందిన రెయిన్‌డీరులను తెప్పింపదలచిన హాగెన్‌బెక్‌నకు, లాయిటెమాన్ అను చిత్రకారమిత్రుడు, వానితో వానిని మేపు లాప్లండు వారినిగూడ పిలిపింపుమని సలహా నొసగెను. 1874లో ఒక లాప్లండు కుటుంబము గుడారములతోను పనిముట్లతోను హాంబర్గునకు వచ్చెను. తల్లి బిడ్డకు పాలిచ్చుటయు, వారు వంట చేసికొనుటయు చూచుటకై నగరవాసులు రుసుము చెల్లించి గుమికూడిరి. లాభము కలిగెను. తరువాత నుబియా దేశస్థులు, గ్రీన్లండు వారు, సింహళీయులు ఒకరివెనుక నొకరుగా అట్లే ప్రదర్శింపబడిరి. జంతువులనుంచు తోటలలోనే, కంచెలకు లోపల, మనుష్యులు నిలుపబడిరి.

ఇచట అబ్రాహాము అను క్రైస్తవుని కథ చెప్పక తప్పదు. ఉత్తర అమెరికాలో లాబ్రడారు అను మంచుదేశమున హెబ్రోను అను మిషను గ్రామ ముండెను. మొరేవియను మిషనరీల బోధచే అచటి ఇన్యూటు జనులలో అనేకులు క్రైస్తవులైరి. అబ్రాహాము వారిలో ఒకడు. చదువను వ్రాయను నేర్చినవాడు, ఫిడేలు వాయింపగలవాడు. 1880లో హాగెన్‌బెక్ పక్షమున యాకోబ్సెన్ అనువాడు వచ్చి ఐరోపాకు రమ్మని పిలువగా, మిషనరీలు వద్దని వారించిరి. అబ్రాహామునకు అప్పులుండెను. అప్పు తీర్చుకొనవచ్చునని, ఐరోపాను చూడవచ్చునని తలచి, భార్య ఉల్రికె, ఇద్దరు చిన్నకూతుండ్రు, తోబియ అను యువకుడు వెంటరాగా అతడు ఓడ యెక్కెను. క్రైస్తవులుగాని మరియొక కుటుంబమువారు ముగ్గురుకూడ బయలుదేరిరి. అందరు కలిసి ఎనిమిదిమంది.

హాంబర్గులోను, బెర్లిను జంతుశాలలోను వారిని చూపిరి. జనులు కంచెను లెక్కచేయక లోనికి చొరబడగా, అబ్రాహాము కొరడా చేతపట్టి వారిని వెళ్లగొట్టవలసివచ్చెను. మృగములను అదుపులో నుంచుటకు వాడు కొరడాను, చూపబడుచున్న మనుష్యుడు చూచువారిపై ఎత్తవలసివచ్చెను. ఎవరు నాగరకులో, ఎవరు కారో ఈ యొక్క దృశ్యమే తెలుపుచున్నది. ఈ సంగతులన్నియు అతడు తన భాషలో దినచర్యగా వ్రాసికొనెను.

ఐరోపాలో మశూచి యుండుట యందరికిని తెలిసినదే. అయినను వచ్చిన వెంటనే వారికి టీకాలు వేయింపవలెనను జాగ్రత్త ఎవరును తీసికొనలేదు. 1880 డిసెంబరులో డార్మ్‌స్టాట్ నగరమున నొక బాలిక మరణించెను. పిమ్మట క్రెఫెల్డ్ నగరమున ఆ బాలిక తల్లియు, అబ్రాహాము పెద్దకూతురగు సారాయు చనిపోయిరి. మిగిలిన ఐదుగురికి 1881 జనవరి 1వ తేదీన పారిసులో టీకాలు వేసిరి గాని అప్పటికే కాలము మించిపోయెను. ఆ నెల ముగియకమునుపే ఆ యైదుగురును మరణించిరి. ఎనిమిదిమందిలో ఒక్కరును ఇల్లు చేరలేదు. అబ్రాహాము దినచర్యమాత్రము హెబ్రోనునకు చేరెను. మిషనరీ యొకరు దానిని జర్మనుభాషలోనికి మార్చిరి. పారిసులో మరణించినవారి యెముకలు అచటి మ్యూజియములో నిలువచేయబడియుండెనని 2014లో లోకమునకు వెల్లడియయ్యెను.

హాగెన్‌బెక్ వారిని చంపగోరలేదు. టీకాలు వేయింపకపోవుట దురుద్దేశము గాక అజాగ్రత్తయే యని చెప్పుదురు. నిజమే కావచ్చును. కాని ఒక ప్రాణిని మన చూపుకొఱకు తెచ్చి మన యధీనములో నుంచుకొన్నప్పుడు, అజాగ్రత్తయే మహాపరాధము. పైగా, ఇంత జరిగినను మనుష్యుల ప్రదర్శనములు నిలువలేదు. కొన్ని యేండ్లలోనే సింహళమునుండి జనులను ఏనుగులను తెప్పించి ఐరోపా నగరములలో త్రిప్పిరి.

ఇట్టివాడే జంతువుల విషయమున దయకు త్రోవ చూపుట ఆశ్చర్యకరము. ఆ దినములలో సర్కసువారు కొరడాతోను, ఎఱ్ఱగా కాల్చిన ఇనుముతోను మృగములను భయపెట్టి ఆటలు నేర్పుచుండిరి. హాగెన్‌బెక్ చిన్ననాటినుండి మృగములచెంత పెరిగినవాడగుటచే, ఒకే జాతి సింహములలోనైనను ఒకదాని స్వభావము ఒకదానివలె నుండదని కనుగొనెను. కావున శాంతస్వభావము గల పిల్లలను ఏరి, చేసిన పనికి మాంసపుముక్కను బహుమానముగా నిచ్చి, ఓర్పుతో నేర్పించెను. ఈ పద్ధతిని 1893లో షికాగో ప్రదర్శనమున అమెరికావారు చూచి ఆశ్చర్యపడిరి. బెత్తముకంటె ప్రోత్సాహము మేలని ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలలో నేడు బోధించుచున్న నీతియే ఇది.

కడ్డీలు లేని జంతుశాల యను తలంపు ఆయన మనసున బహుకాలము మెదలెను. సింహమును ఆపుటకు ఇనుము కావలెనా? అది ఎంతదూరము దుముకగలదో తెలిసిన చాలును గదా! ఈ సంగతి తేల్చుటకై ఆయన ఎత్తున ఎరను వ్రేలాడగట్టి సింహములు, పులులు, చిఱుతలు ఎంత యెగురగలవో చూచెను. ఎంత వెడల్పు దాటగలవో కొలిచెను. ఆ కొలతకు మించిన అగడ్తను త్రవ్వినచో, మృగము ఆవలనుండును, మనుష్యుడు ఈవలనుండును, నడుమ ఆకాశమే యుండును. 1896లో ఆయన ఈ ఏర్పాటునకు జర్మనీ ప్రభుత్వమునుండి పేటెంటు పొందెను. పిమ్మట హాంబర్గు చెంతనున్న స్టెల్లింగెన్ గ్రామమున విశాలమైన నేలను కొని, 1907 మే 7వ తేదీన తన జంతువనమును తెఱచెను.

ముందు ఒక కొలను, అందు నీటిపక్షులు. దానివెనుక పచ్చికబయలు, అందు గడ్డిమేయు మృగములు. దానివెనుక రాతిగుహ, అందు సింహములు. అన్నిటికిని వెనుక ఎత్తైన కొండ, దానిపై కొండమేకలు. ఒకదానికిని మరియొకదానికిని నడుమ నున్న అగడ్తలు చెట్లచాటునను మెట్టలచాటునను మఱుగుపడి కానరావు. చూచువారికి సింహమును దాని యాహారమగు మృగమును ఒకే బయలున కలిసియున్నట్లు తోచును. ఆళ్లగడ్డ శిల్పులు ఉలితో రాతిని చెక్కి మూర్తులను మలచుట మనమెఱిగినదే. స్టెల్లింగెనులో ఎగ్గెన్‌ష్విలర్ అను స్విట్జర్లండు శిల్పి చట్రములపై సిమెంటు మెత్తి రాళ్లనే మలచెను. అవి కొండలుగానే కనబడెను. ఉష్ణదేశపు మృగములు వెచ్చని గదిలోనే బ్రతుకునను నమ్మికను కూడ హాగెన్‌బెక్ ప్రశ్నించెను. క్రమముగా అలవాటు చేసినచో అనేక మృగములు చలిదేశమున ఆరుబయటనే ఆరోగ్యముగా నుండునని చూపెను.

ఆరంభమున జర్మనీలోని ఇతర జంతుశాలల అధికారులు ఆయనను మెచ్చలేదు. ఇది శాస్త్రము గాదు, వేడుకయే యనిరి. కాని ప్రజల మనసు మారెను. ఒకసారి సింహమును ఆరుబయట చూచినవాడు మరల దానిని కడ్డీలవెనుక చూచుటకు ఇష్టపడడు. 1911లో రోము నగరపు జంతుశాలను హాగెన్‌బెక్ వారే రచించిరి. లండనులో 1914లో కొండలవంటి మాపిను మెట్టలు వెలసెను. అమెరికాలో డెన్వరు నగరము 1918లోను, డెట్రాయిటు నగరము 1928లోను ఈ పద్ధతి నవలంబించెను. కార్ల్ హాగెన్‌బెక్ 1913 ఏప్రిల్ 14వ తేదీన హాంబర్గులో మరణించెను. 1943లో యుద్ధకాలపు బాంబులచే ఆయన వనము మిక్కిలి నాశనమయ్యెను గాని, వంశీయులు దానిని మరల కట్టిరి.

ఈ మార్పు మన దేశమునకును వచ్చెను. ఆయన సవతి సోదరుడగు జాన్ హాగెన్‌బెక్ సింహళమున స్థిరపడి జంతువుల వ్యాపారము చేసెను. అచటి దెహివల జంతుశాలకు ఆయన సేకరణయే మూలము. ఢిల్లీలో 1959లో తెఱవబడిన జంతువనపు తొలిపథకమును సిద్ధపఱచినవారిలో హాంబర్గు హాగెన్‌బెక్ వంశీయుడొకడు. హైదరాబాదున మీరాలం చెఱువుచెంత నెహ్రూ జంతువనము 1963లోను, విశాఖపట్టణమున కొండలనడుమ ఇందిరాగాంధీ జంతువనము 1977లోను, తిరుపతిలో శేషాచలపు పాదమున శ్రీ వేంకటేశ్వర జంతువనము 1987లోను ప్రజలకు తెఱవబడెను. మన పూర్వులు రైలెక్కి మద్రాసు సెంట్రల్ స్టేషనుచెంత చూచిన ఇరుకుశాలయు 1985లో వండలూరు అడవికి మారెను. వీనియందు సింహములకును పులులకును కందకములు గల విశాలమైన ఆవరణము లేర్పడెను. 1992లో భారతప్రభుత్వము కేంద్ర జంతుశాలల ప్రాధికారసంస్థను నియమించి, తగిన వసతి లేని శాలలకు గుర్తింపు నిరాకరించు నధికారము దాని కొసగెను.

ఇప్పుడు మన విద్యార్థి ప్రశ్నకు తిరిగివత్తము. ఏ దేశపు జంతుశాల మేలు? వియన్నా పురాతనమైనది, లండను శాస్త్రజ్ఞానమున కీర్తిగన్నది, 1973లో తెఱవబడిన సింగపూరు శాల వానతోగూడిన అడవిని నేర్పుతో వాడుకొన్నది, విశాఖకు కొండలును తిరుపతికి అడవియు ప్రకృతియే యిచ్చిన సొమ్ములు. అయినను దేశము పేరు చూచి తీర్పుతీర్చరాదు. కడ్డీలు లేకపోవుటయు చాలదు. హాగెన్‌బెక్ రాతికొండ చూచువాని కన్నులకు ఆనందము. కాని సిమెంటురాయి మృగమునకు నీడయగునా? అడుగవలసిన ప్రశ్నలు వేఱు. జంతువు జనులచూపునుండి తప్పుకొని దాగుటకు చోటు కలదా? నీరు, నీడ, మన్ను, తోడు కలవా? ఏమియు తోచక ఒకేచోట అటునిటు తిరుగుచున్నదా, లేక తన జాతిధర్మము చొప్పున మెలగుచున్నదా? రాత్రి దానిని మూయు గది యెట్టిది? జబ్బుచేసినచో వైద్యుడు కలడా? ఆ శాలవలన అడవికి ఏమైన మేలు కలుగుచున్నదా?

కడపటి ప్రశ్నకు హాగెన్‌బెక్ చరిత్రములోనే ఒక మంచి దృష్టాంతము కలదు. 1901లో ఆయన మంగోలియానుండి ప్రెజ్వాల్‌స్కీ గుఱ్ఱమను అడవిజాతి పిల్లలను తెప్పించెను. పట్టుటలో అనేకము చచ్చెను. కాని 1960 తరువాత ఆ గుఱ్ఱములు అడవిలో పూర్తిగా నశించినపుడు, ఆ కాలమున పట్టి తెచ్చిన కొలదిగుఱ్ఱముల సంతతియే జంతుశాలలలో మిగిలెను. 1992 మొదలు వానిని మరల మంగోలియా బయళ్లకు చేర్చుచు వచ్చిరి. నేడవి అచట స్వేచ్ఛగా తిరుగుచున్నవి. జంతుశాల చెఱసాల కావచ్చును, నోవహు ఓడయు కావచ్చును. అది ఏదియగునో నడపువారి మనసును, చూచువారి మనసును బట్టి యుండును.

దేవుడు సృష్టిపై నరునకు ఏలుబడి నొసగెనని మనము వేదపాఠములో నేర్చుచున్నాము. ఏలుబడి యనగా కాపరితనము గాని దోపిడి గాదు. హాగెన్‌బెక్ సింహముయొక్క దుముకును కొలిచెను. దాని స్వభావమును కనిపెట్టెను. దాని చలికి వేడికి ఆలోచించెను. అబ్రాహాము కుటుంబమునకు టీకా అవసరమని మాత్రము ఆలోచింపలేదు. జ్ఞానము ఎంత కలిగినను, ఎదుటివారు తనవంటివారే యను తలంపు లోపించినచో ఎంతటి యనర్థము కలుగునో ఈ జీవితమునుండి నేర్చుకొనవలెను.

విద్యార్థులారా, మీరు తల్లిదండ్రులతో గాని పాఠశాల విహారయాత్రలో గాని తిరుపతికో విశాఖకో పోయి అగడ్తచెంత నిలిచినప్పుడు రాళ్లు రువ్వకుడు, కేకలు వేయకుడు, తినుబండారములు విసరకుడు. ఆవలనున్న పులి మన కొండలదే కావచ్చును. మనము దానిని చూచుచున్నట్లే అదియు మనలను చూచుచున్నది. దాని దృష్టికి మనమెట్లు కనబడుచున్నామో ఒక నిమిషము యోచింపుడు. జంతుశాల మేలైనదో కాదో నిర్ణయించుటకు అంతకంటె మంచి కొలబద్ద లేదు.